జోకొట్టే ఇంజిన్

మా షాపులో ట్యూన్ చేసి పంపిన కార్లలో ఒకదాన్ని నేను కావాలనే కాస్త ఊగేలా చేసి పంపాను. ఆ కారు వాళ్లకు తప్ప ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. మా ఓనరు మస్తాన్ అన్నకు తెలిస్తే నవ్వుతాడో కోప్పడతాడో ఇప్పటికీ ఊహించలేను.

2022 ఎండాకాలం. కడపలో పులివెందుల వైపు పోయే రోడ్డు మీద మా షాపు. ముందు రేకుల షెడ్డు, వెనక నా గది. పాత కార్లలో ఇంజిన్ కంప్యూటర్లు చెడిపోతే బాగుచేయడం, బాగుకానివాటి స్థానంలో కొత్తవి పెట్టి ట్యూన్ చేయడం మా పని. ఈ కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. ఇంజిన్‌లోకి ఎంత పెట్రోలు చిమ్మాలి, ఏ క్షణంలో నిప్పురవ్వ పుట్టించాలి అన్నది అదే నిర్ణయిస్తుంది. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి ఈ షాపులో చేరాను. మనుషులతో మాట్లాడటం మస్తాన్ అన్న వంతు, బోర్డులతో, ల్యాప్‌టాప్‌తో మాట్లాడటం నా వంతు. ఆ ఏర్పాటు నాకు ఎంతో హాయిగా ఉండేది.

సుబ్బయ్య అన్న వేంపల్లెలో విత్తనాల అంగడి నడుపుతాడు. వాళ్ల నాన్న కొన్న పాత పెట్రోలు కారును లారీకి కట్టి లాక్కొచ్చాడు. ఒక పూట స్టార్టవుతుందట, ఒక పూట కాదట. దారిలో ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఇవన్నీ చెప్పి చివర్న, "నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో పెడితే జోకొట్టినట్టు ఊగుతాదప్పా" అన్నాడు.

"అది గూడా పోగొడతాంలే" అన్నాడు మస్తాన్ అన్న.

సుబ్బయ్య అన్న ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో అంగడి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడుకుంటూనే బస్సు ఎక్కడానికి పోయాడు. నేను బండి పనులు రాసుకునే జాబ్ కార్డు మీద మూడో ఫిర్యాదుగా రాసుకున్నాను: ఐడ్లింగ్‌లో ఊగుతోంది. బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతుండటాన్ని ఐడ్లింగ్ అంటారు. గ్యారేజీకి వచ్చి ఎవరూ బండిని పొగడరు కదా. ఇక్కడ ఏ మాట చెప్పినా అది రోగ లక్షణమే అని మా అందరి నమ్మకం.

కంప్యూటర్ విప్పి చూస్తే లోపల బోర్డు నల్లబడి ఉంది. ఎవరో సైలెన్సర్‌కు వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ వైరు తీయడం మరిచిపోయి ఉంటారు. మూడో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను నడిపే భాగం నీరసించి పోయింది. నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగా కొట్టకపోవడమే ఆ ఊగుడుకు కారణం. అలాంటి కంప్యూటర్ ఇప్పుడు తయారు కావడం లేదు. పాత సామాన్ల అంగళ్లలోనూ దొరకలేదు. అందుకని మనం లెక్కలు రాసిపెట్టుకునే వీలున్న కొత్త ఈసీయూ పెట్టాం. పాత సెన్సర్ల వైర్లన్నీ దానికి కలపడం ఒక ఎత్తు. ఏ వేగంలో, ఎంత బరువు మీద ఎంత పెట్రోలు పోవాలో చెప్పే పట్టికను నింపడం ఇంకో ఎత్తు. దాన్ని మ్యాప్ అంటాం. మస్తాన్ అన్న నడిపేవాడు, నేను పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక్కో గడీ దిద్దేదాన్ని. కడప ఎండలో ఇంజిన్‌లోకి పోయే గాలి సెగలా ఉంటుంది. పొద్దున దిద్దిన లెక్క మధ్యాహ్నానికి పనికిరాదు. రెంటికీ సరిపోయేలా చేయాలి.

మా షాపులో చివరి పరీక్ష ఒకటుంది. తిరుగుతున్న ఇంజిన్ మీద టీ గ్లాసు పెట్టి నిండా నీళ్లు పోస్తాడు మస్తాన్ అన్న. నీళ్లు తొణకకూడదు. "నీళ్లు కదిల్నాయంటే నా పేరు కదిల్నట్టే" అంటాడు. సుబ్బయ్య అన్న కారు కోసం వచ్చిన రోజు నీళ్లు అద్దంలా నిలిచాయి. ఆయన చాలాసేపు ఆ గ్లాసు వైపే చూసి, బాగుందని చెప్పి, తెచ్చిన అరటిగెల దించి కారు తీసుకుపోయాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున కారు మళ్లీ వచ్చింది. ఈసారి భార్య లక్ష్మీదేవక్క, తొమ్మిదేళ్ల కూతురు జాహ్నవి కూడా ఉన్నారు. మస్తాన్ అన్న సామాన్లకు బెంగళూరు పోయాడు. నేనే బయటికి రావలసి వచ్చింది. బండి మళ్లీ ఆగిందా అని అడిగాను.

"బండి శానా బాగుండాది మ్మా. అదే మాకొచ్చిన కష్టం" అంది లక్ష్మీదేవక్క.

ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. కూతురి రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని ఉంది. పాప మణికట్టు మీద పంటిగాట్లు కనిపించాయి. జాహ్నవికి మాటలు రాలేదు. పసితనం నుంచీ నిద్ర పట్టదు. ఉయ్యాల, మందులు, మంచం మార్చడం, ఏవీ పనిచేయలేదు. ఒకసారి ఊరికి పోతూ ఇంటిముందు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి కారు ఆపితే వెనక సీట్లో దానంతట అదే నిద్రపోయిందట. అప్పటి నుంచి రోజూ ఇంటిముందు ఆరుబయట కారు ఆన్‌లో పెట్టి పడుకోబెట్టడం, నిద్ర పట్టగానే ఎత్తుకుని లోపలికి తీసుకుపోవడం. బండి బాగైనాక ఇప్పుడు సీటు మీద చెవి ఆనించి వింటుంది, లేచి కూర్చుంటుంది, చెయ్యి కొరుక్కుంటుంది. తల్లీ బిడ్డా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు.

"ఆ పొద్దే చెప్పబోయినా" అన్నాడు సుబ్బయ్య అన్న. "ఊగేది మాత్రం తీయొద్దని. మస్తానప్ప గ్లాసు పెట్టి అంత సంబరపడతాంటే ఇంగేం జెప్తా?"

పాత కంప్యూటర్ మళ్లీ పెట్టేయమన్నారు. అది ఎప్పుడైనా పూర్తిగా ఆగిపోతుందని, పెట్టినా నిలవదని చెప్పాను. "నిలిచినన్నాళ్లు నిలవనీలే మ్మా" అంది లక్ష్మీదేవక్క. బతిమాలినట్టు కాదు, అలసిపోయినట్టు.

సుబ్బయ్య అన్న ఫోనులో పాత వీడియో ఒకటి ఉంది. వెనక సీట్లో పాప నిద్రలోకి జారుకుంటోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మూడు గట్టి దెబ్బలు, ఒక మెత్తటి దెబ్బ. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి. ఆ మెత్తటి దెబ్బ పడిన ప్రతిసారీ పాప అరచెయ్యి సీటును తడుతోంది. ఆయన మొదటి రోజు వాడిన మాట అప్పుడు అర్థమైంది. ఊగుడుకు పోలికగా కాదు, ఉన్నదున్నట్టే చెప్పాడు. ఆ ఇంజిన్ నిజంగానే జోకొడుతోంది.

ల్యాప్‌టాప్ తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాను. పాప వెనక సీట్లో. అమ్మానాన్నలను షెడ్డు నీడన ఉండమన్నాను. కొత్త ఈసీయూలో ఒక్కో సిలిండర్‌కు పోయే పెట్రోలును విడిగా తగ్గించవచ్చు. మూడోదానికి తగ్గించాను. ఎక్కువ తగ్గించానేమో, ఇంజిన్ దగ్గినట్టు అదిరింది. పాప చెవులు మూసుకుంది. వెంటనే వెనక్కి తెచ్చాను. తిరిగే వేగం కాస్త దించి, పెట్రోలు ఈసారి రవ్వంత తగ్గించాను. చెవుల మీది చేతులు దిగాయి. కానీ మణికట్టు నోటి దగ్గరికి పోయింది. ఇంకో రవ్వంత. మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నాకు ఎవరితోనూ అంత సులువుగా పని జరగలేదు. అద్దంలో ఆ చేతిని చూస్తూ దిద్దుతున్నాను. మధ్యలో ఒకసారి ఆ చెయ్యి నోటి దగ్గర నుంచి జారి సీటు మీద వాలింది. కాసేపు ఊరికే ఉంది. తర్వాత తట్టింది.

లెక్కను అక్కడే ఆపేశాను. కదలడానికి భయమేసింది. తలుపు తీస్తే చప్పుడవుతుంది. పాప ముఖం మీద ఎండ పడుతుంటే సుబ్బయ్య అన్న చప్పుడు కాకుండా వచ్చి, భుజం మీది తువ్వాలును కిటికీ అద్దానికి అడ్డంగా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మీదేవక్క షెడ్డులో బోర్లించిన టైరు మీద కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. పాప చెయ్యి తట్టడం మెల్లమెల్లగా తగ్గి, ఆగిపోయింది.

ఆ లెక్కను రెండో మ్యాప్‌గా దాచి, స్టీరింగ్ పక్కన చిన్న స్విచ్ పెట్టాను. పైకి నొక్కితే మస్తాన్ అన్న బండి. కిందికి నొక్కితే జాహ్నవి బండి. రోడ్డెక్కేటప్పుడూ పొల్యూషన్ టెస్టుకు పోయేటప్పుడూ పైకి ఉంచాలని, కారు ఎప్పుడూ ఆరుబయటే ఉండాలని సుబ్బయ్య అన్నకు రెండుసార్లు చెప్పాను. మస్తాన్ అన్నకు మాత్రం చెప్పొద్దన్నాను.

"నేనేం జెప్తా మ్మా? విత్తనాలమ్ముకునేవాణ్ణి, నాకేం తెలుసు స్విచ్చుల సంగతి" అన్నాడు.

అప్పటి నుంచి నేను గదిలోంచి బయటికి వస్తున్నాను. కారు దించి కష్టాలన్నీ చెప్పుకున్నాక ప్రతి ఒక్కరినీ ఒక మాట అడుగుతున్నాను: ఈ బండిలో మీకు నచ్చింది, మేం ముట్టుకోకుండా వదిలేయాల్సింది ఏదైనా ఉందా? మొదట్లో అందరూ వింతగా చూస్తారు. తర్వాత ఏదో ఒకటి చెబుతారు. ఒకాయన, హారన్ కాస్త బొంగురుగా ఉంటేనే ఇంట్లోవాళ్లకు తను వచ్చినట్టు తెలుస్తుందన్నాడు. దాన్ని అలాగే వదిలేశాం. బాగుచేయడమంటే కొత్తదానిలా చేయడమేనని అంతకుముందు అనుకునేదాన్ని. చెడిపోయిన చోటనే ఎవరో ఒకరు తల ఆనించుకుని బతుకుతుంటారని చదువులో ఎవరూ చెప్పలేదు.

ఎవరికైనా ఫోను చేయాలంటే ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంటాను. అలా రాసుకుని ఒక మధ్యాహ్నం వేంపల్లెకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక లక్ష్మీదేవక్క ఎత్తింది. స్విచ్ సరిగా పనిచేస్తోందా అని అడిగాను. ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"పాప పండుకుండాది మ్మా. ఇప్పుడే లోపలికి ఎత్తుకొచ్చినాం. నేను గూడా రోంతసేపు పండుకుంటా. పెట్టేయ్."