బండి కింద ఉన్నది మన కుక్కేనా?

కుక్కను వెంటబెట్టుకుని చెరువుగట్టునో ఏటి ఒడ్డునో బస చేయవచ్చా అని ఈ మధ్య మా ఇంటి పిల్లలు నన్ను అడుగుతున్నారు. లోపలే పడకా వంటిల్లూ ఉన్న వ్యాన్లు అద్దెకు దొరుకుతున్నాయట. నిక్షేపంగా చేయవచ్చు. అరవైల మొదట్లో మేము చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా అలాగే వెళ్ళాం. మా వ్యాను రెండెద్దుల గూడుబండి. పడక లోపల, వంట బయట, కుక్క కింద. అంతకు మించి ఏం కావాలి?

సరదాకు బయలుదేరలేదు లెండి. మా అమ్మాయి రత్నకు ఆరేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ ఆకలి తిరిగి రాలేదు. ఏం పెట్టినా మొహం తిప్పేసేది, ఎత్తుకుంటే ఎముకలు చేతికి తగిలేవి. తిండి పడకపోతే సత్తువ రాదనీ, మళ్ళీ జ్వరం తిరగబెడితే తట్టుకోలేదనీ, గాలి మార్పు చేసి చూడమనీ డాక్టరు చెప్పాడు. అప్పటికి మాకు మిగిలిన ఉపాయం ఒక్కటే, మా కుక్క బుడ్డోడు. వాడికి ఒక ముద్ద పెడితే తను ఒక ముద్ద తినేది. వాడు పక్కన లేకపోతే అదీ లేదు. అందుకని వాడు లేని ప్రయాణం ఊసే ఎత్తలేదు.

కార్తీకమాసం, చెరువులన్నీ నిండి ఉన్నాయి. మావారు తెల్లవారుజామున బండి కట్టారు. అప్పట్లో బండి వెంట వచ్చే కుక్కను ఎవరూ తాడు కట్టి లాక్కెళ్ళేవారు కాదు. ఇరుసు కింద నీడ ఉంటుంది కదా, రెండు చక్రాల మధ్య ఆ నీడలోనే అది నడిచేది. ఎద్దులు ఆగితే ఆగేది, కదిలితే కదిలేది. మధ్యాహ్నం పేరేసంద్రలో ఎద్దులకు దాణా పెట్టి, అక్కడి నుంచి గుడిబండ దారి పట్టాం. గుడిబండలో సత్రం ఉంది గానీ, కాపలాదారు బుడ్డోణ్ణి చూసి, మీరు రండి అది వద్దు అన్నాడు. అయితే మేమూ వద్దులే అని నేను విసురుగా బండెక్కేశాను. పొద్దు గుంకేవేళకు ఆ ఊరి చెరువుగట్టు చేరాం.

ఆ గట్టు మీద అప్పటికే ఒక బండి ఆగి ఉంది. సోమేనహళ్ళి దంపతులు, మునెప్ప, లక్ష్మక్క. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు అమ్ముకుని ఇంటికి పోతున్నారు. వాళ్ళకూ ఒక కుక్క, మావాడిలాంటి ఎర్రదే. రెండు బండ్లూ పక్కపక్కన నిలిపి, ఒకే పొయ్యి మీద సంగటి కెలికాం. లక్ష్మక్క వేరుశెనగల ఊరిబిండి నూరింది. రత్న తిండి సంగతీ, రేపు బాగేపల్లి దగ్గర చిత్రావతి ఒడ్డున రెండు రోజులు ఉంటామనీ ఆమెకు చెప్పాను. రత్న నాలుగు ముద్దలు తింది, అంటే బుడ్డోడూ నాలుగు తిన్నాడు. చలికి వాడు రత్న కాళ్ళ దగ్గరే ముడుచుకుని పడుకున్నాడు. ఆ రోజు నాకు కంటినిండా నిద్రపట్టింది.

మర్నాడు మంచు విడవకముందే ఇద్దరూ బండ్లు కట్టారు. మునెప్ప బండికి దారి చాలలేదని మావారు మా బండిని వెనక్కి నెట్టారు, అతను తన బండిని మా చోటులోకి తిప్పాక మా బండి వాళ్ళ చోటుకు వచ్చింది. కుక్కలు రెండూ నీళ్ళకు చెరువులోకి దిగి ఉన్నాయి. అవి తిరిగొచ్చి, చోట్లు మారాయని తెలియక, ఎప్పటిలాగే తమ పాత చోటున ఉన్న బండి కిందకు దూరాయి. కింద తోక ఆడటం చూసి మావారు ఎద్దులను అదిలించారు. అవతల మునెప్ప కూడా సరిగ్గా అంతే చూసి ఉంటాడు.

చిత్రావతి చేరేసరికి పది కావస్తోంది. వెళ్ళదలచినవారికి చెబుతున్నా, పారే నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగకండి. నీటి అంచుకు మూరెడు ఎడంగా ఇసుకలో చెలమ తవ్వితే కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు ఊరతాయి. ఎద్దులకు గడ్డి బాగేపల్లి బజారులోనే దొరికింది, మోపు అర్ధరూపాయి. నేను చెలమ తవ్వి, పొయ్యి వెలిగించి, సంగటి దించి పిలిచాను. రత్న గిన్నె పట్టుకుని బండి కిందికి వంగింది. బయటికి వచ్చింది బుడ్డోడు కాదు. చెవి చిరిగిన ఆడకుక్క.

రత్న ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గిన్నె కింద పెట్టి, బండెక్కి గూడు తడికవైపు తిరిగి పడుకుంది. మావారు అప్పుడే విప్పిన ఎద్దులను మళ్ళీ కట్టబోయారు. నేను అడ్డుపడ్డాను. మనం ఎక్కడ ఉంటామో లక్ష్మక్కకు తెలుసు, వాళ్ళ కుక్క మన దగ్గరుంది, తప్పకుండా వస్తారు, మనం ఒక దారిన వాళ్ళొక దారిన పోతే రెండు కుక్కలూ పోతాయి అన్నాను. గట్టిగానే అన్నాను గానీ, రాకపోతే బిడ్డ నోట్లోకి ఇంకేం పోతుందని నాలో నేను వణికిపోయాను. ఆయన వెళ్ళి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు.

ఆ కుక్క కూడా ఏమీ ముట్టలేదు. సంగటి పెడితే వాసన చూసి మొహం తిప్పేసింది, అచ్చం మా రత్నలాగే. ఇరుసు కింద తల వాల్చి, వచ్చిన దారినే చూస్తూ పడుకుంది. మధ్యాహ్నం దాటింది. నేను ఏటిలో గుడ్డలు జాడిస్తుంటే బండి దగ్గర మాటలు వినిపించాయి. తిరిగి చూస్తే రత్న కిందికి దిగి దాని పక్కన కూర్చుని ఉంది.

"మీవోళ్ళు వస్తార్లే. తినకపోతే సత్తువ యాడిది నీకి? ఈ ఒక్క ముద్దే. ఇది తింటే ఇంకేం అడగను," అంటోంది.

అన్నీ నా మాటలే. రోజుకు ఎన్నిసార్లు అన్నానో ఆ మాటలు! కుక్క కదల్లేదు. చూడు ఎట్ల తినాలో అన్నట్టు రత్న ఒక ముద్ద తన నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నోరు తెరిచి దానికి చూపించింది. ఇంకోటి తిని మళ్ళీ చూపించింది. మూడో ముద్దకు కుక్క రత్న చేతిలోది అందుకుంది. నేను తడిగుడ్డ పట్టుకుని నీళ్ళలోనే నిలబడిపోయాను. దగ్గరికి వెళితే ఎక్కడ ఆపేస్తుందోనని భయం.

సాయంత్రం రోడ్డు మీది నుంచి మావారు కేకేశారు. సోమేనహళ్ళి బండి వస్తోంది, దాని కింద మా బుడ్డోడు. ఎద్దులు ఆగకముందే వాడు ఇసుకలో దూకుతూ వచ్చి రత్నను వెల్లకిలా పడేశాడు. చెవి చిరిగిన కుక్క లక్ష్మక్క కాళ్ళను చుట్టేసింది. దాని పేరు గౌరి అట. లక్ష్మక్క దాన్ని నిమురుతూ చెప్పింది.

"మీవోడు మా గడప తొక్కలేదమ్మా. బండి విడిచినా దాని కిందనే కూసోనుండాడు. బువ్వ పెడితే చూడను గూడా చూడలా. పాప ఏం తినిందో ఏమోనని నాకి పానం కొట్టుకునింది, అందుకే ఎద్దుల్ని మళ్లీ కట్టిచ్చినా."

గిన్నెలో మిగిలిన సంగటంతా రత్న బుడ్డోడికి పెట్టేసింది. రెండు గుటకల్లో ఖాళీ చేశాడు. ఆ ఖాళీ గిన్నె తీసుకుని తనే నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాకి ఆకలైతాండాది."

జ్వరం వచ్చిన నాటి నుంచి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. లక్ష్మక్క ముందే బిడ్డను పట్టుకుని బావురుమన్నాను. మునెప్ప ఎద్దులను విప్పేసి, ఈ పూట ఇక్కడేలే అన్నాడు. లక్ష్మక్క నా చేతిలోంచి తెడ్డు తీసుకుని పొయ్యి ముందు కూర్చుంది.

గాలి మార్పు పనిచేసిందని డాక్టరు సంతోషపడ్డాడు. నేను కాదనలేదు. కానీ బిడ్డకు తినిపించాలని నేను అంత అల్లాడినా రాని ఆకలి, ఇంకొకరికి తినిపించాలని అది అల్లాడినప్పుడు వచ్చింది. పిల్లల మీద బెంగ పెట్టుకున్న తల్లులు ఎవరు కనబడినా ఈ మాటే చెబుతుంటాను. బుడ్డోడు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, రత్నతోపాటే తిన్నాడు.

మీరు వెళతానంటే చెప్పేది ఒక్కటే. బస విడిచేముందు బండి అయినా కారు అయినా వంగి కిందికి చూడండి. తోక చూసి సరిపెట్టుకోకండి. పేరు పెట్టి పిలవండి, మొహం చూడండి, అప్పుడు కదలండి. మా రత్నకు మనవలు పుట్టారు, ఇప్పటికీ కారెక్కే ముందు వంగి కింద చూస్తుంది.