పంచాయతీ చెప్పని చాటింపు

మా ఊరి చాటింపు తాత పోయిన సోమవారం పొద్దున్నే పోయాడు. ముప్పై ఏళ్లకు పైగా ఊరంతటికీ ప్రతి కబురూ చెప్పిన మనిషి ఆయన. ఆయన పోయిన కబురు చెప్పడానికి మాత్రం ఊళ్లో మనిషి లేకపోయాడు. నేను పంచాయతీ ఆఫీసు తాళం తీస్తూ ఉంటే, పేడగంప ఎత్తుకుని పోతున్న ఒకామె, "తాత పాయ గదా సామీ" అని చెప్పి ఆగకుండా వెళ్లిపోయింది. తాళంచెవి చేతిలో పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ పూట ఆఫీసు తెరవలేదు. తెరవనందువల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు.

మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉన్న ఊరు. పేరు చెప్పను. పేరు చెప్పుకోదగ్గ పని మా పంచాయతీ బోర్డు ఇంతవరకూ ఒక్కటీ చేయలేదు. అందులో నేను గుమాస్తాను, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. వీధిదీపాలు ఆరు మంజూరైతే ఆరుగురు మెంబర్ల ఇళ్ల ముందు ఆరూ నిలబడ్డాయి. ఊరపందుల మీద మూడుసార్లు తీర్మానం చేశారు. ఆ సంగతి పందులకు ఇంకా తెలియదు. ఒకసారి మీటింగు పెట్టి, ప్రెసిడెంటు కుర్చీకి చేతులుండాలా వద్దా అని మధ్యాహ్నం దాకా కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటంతా నా చక్కని చేతిరాతతో మినిట్సు పుస్తకంలో ఉంది.

ఇలాంటి వాళ్ల మాటలను ఊరికి మోసినవాడు చాటింపు తాత. ఆయనకు చదువు రాదు. నేను కాగితం ఒకసారి చదివితే కళ్లు మూసుకుని వినేవాడు, రెండోసారి తనే నాకు అప్పజెప్పేవాడు. ఒక్క మాట తేడా వచ్చేది కాదు. పోయే ముందు ప్రతిసారీ, "ఇంగేమన్నా ఉండాదా సామీ?" అని అడిగేవాడు. వయసు మళ్లిన కాళ్లు, మళ్లీ మళ్లీ తిరగడం ఎందుకని ఆయన లెక్క. "ఏం లేదు, పోయి రా తాతా" అనడం నాకు అలవాటు.

ఆయన చాటింపు వేసే తీరు చూసి నేర్చుకోవలసిందే. బాలింత ఉన్న ఇంటి ముందు తప్పెట కొట్టేవాడు కాదు. గడప దాకా పోయి, సంగతి మెల్లగా చెప్పి వచ్చేవాడు. చెవుడున్న ముసలమ్మ ఇంటి ముందు కూర్చుని, ఆమెకు అర్థమయ్యే దాకా చేతులతో చెప్పేవాడు. "నేను సెప్పేటప్పుడు ఆడోల్ల మొగాలు సూడను సామీ, చేతులు సూస్తాను" అన్నాడు ఒకసారి. "రాట్నం తిప్పే చెయ్యి, పిండి ఇసిరే చెయ్యి ఆగిందంటే యిన్యారని. ఆగల్యా, ఇంగోతూరి సెప్తాను." మా మెంబర్లు మాట్లాడేటప్పుడు ఎవరి చేతులు ఆగుతాయో చూసే అవసరం వాళ్లకెప్పుడూ కలగలేదు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఊళ్లో ఏ చాటింపయినా బజారు, పెద్దవీధి, సాలెవీధి తిరిగి బస్సుదారి దగ్గర ముగిసేది. ఊరి బయట తాత వాళ్లుండే వాడకు, అదే గేరికి, పోయేది కాదు. ఆ గేరివాళ్లకు చెప్పవలసింది పంచాయతీ దగ్గర ఏముంటుందని మావాళ్ల ఉద్దేశం. ఎవరూ అలా రాసి పెట్టలేదు. రాయకుండానే ఏళ్ల తరబడి నడిచింది. నాకూ అందులో తప్పేమీ కనబడలేదు.

ఇక మురుగుకాలువ కథ. రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. బజారు మురుగు పోవడానికి కాలువ తవ్వించారు. నేరుగా పోతే అది ప్రెసిడెంటు గారి కల్లం మధ్యలో నుంచి పోవాలి. కల్లం చెడితే ఎట్లా? కాలువను వంచారు. వంచిన కాలువ పోయి పోయి, ఊరంతా తాగే మంచినీళ్ల బావికి పది అడుగుల దూరంలో ఆగింది. అక్కడ ఆగిందేమని ఒక్క మెంబరూ అడగలేదు. వాళ్లందరి ఇళ్లకూ తోటబావుల నుంచి బండ్ల మీద నీళ్లు వస్తాయి. గేరివాళ్లు బావిగట్టు ఎక్కకూడదు. కింద కడవ పెట్టుకుని, ఎవరైనా చేది పోస్తే తెచ్చుకోవాలి.

ఆ ఎండాకాలం గేరిలో వాంతిభేది మొదలైంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చి, బావిలోకి తొంగి చూసి, కాలువను చూసి, ప్రెసిడెంటును చూసి, ఒక కాగితం రాసిచ్చాడు. బావిలో వేసే మందు రావడానికి రెండు వారాలు పడుతుంది, అంతవరకూ నీళ్లు కాచకుండా ఎవరూ తాగకూడదు, ఈ సంగతి ఈరోజే చాటింపు వేయించాలి అని అందులో ఉంది.

ప్రెసిడెంటు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నా ముందు వేశాడు. "మంత్రిగారు వస్తాండారు. వచ్చేది ఏంటికి? నీళ్ల ట్యాంకుకు శంకుస్థాపన చేసేకి. ఈ పొద్దు మన ఊరి నీళ్లు చెడినాయని మనమే సాటుకుంటే మొగం యాడ పెట్టుకోవాల? ఆయన వచ్చి పోనీ. అంతవరకూ పెట్టుకో నీ దగ్గిర."

పెట్టుకున్నాను. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. మా ఇంట్లో మాత్రం మొదటి రోజే నీళ్లు కాచమని చెప్పాను. ప్రెసిడెంటును తిట్టినంత సులువుగా నన్ను నేను తిట్టుకోలేను గానీ, ఎవరు ఎక్కువ నీచుడో చదివేవాళ్లే చూసుకోండి. అతనికి సిగ్గు లేదు. నాకుంది, ఉండి కూడా సొరుగు మూశాను.

నాలుగో రోజు మంత్రిగారి చాటింపు కాగితం కోసం తాత వచ్చాడు. చేతులకు నల్లమన్ను అంటుకుని ఉంది. "ఏమి తాతా, ఆ మన్నేంది?" అన్నాను.

"పక్కింటి పాప సామీ. మూడేండ్లది. నిన్న సందేళ వాంతులు పట్టుకున్యాయి. తెల్లారేసరికి లేదు. ఇప్పుడే పూడ్చి వస్తాండాను."

నేను మంత్రిగారి కాగితం చదివాను. వీధులు ఊడవాలి, ముగ్గులు వేయాలి, పశువులను బయట కట్టకూడదు, అందరూ తెల్లబట్టలు కట్టుకుని రావాలి. తాత కళ్లు మూసుకుని విన్నాడు. ఒక్క మాట తప్పకుండా నాకు అప్పజెప్పాడు. తర్వాత ఎప్పటిలాగే అడిగాడు: "ఇంగేమన్నా ఉండాదా సామీ?"

నా చెయ్యి సొరుగులోకి పోయింది. ఇన్‌స్పెక్టరు కాగితం తీసి చదివాను. "ఇంగోతూరి సదువు సామీ" అన్నాడు. చదివాను.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నాలుగు దినాలైంది తాతా."

చదువు రాని మనిషి ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు. తప్పెట భుజాన తగిలించుకుని లేచాడు. అప్పుడు నేనన్న మాట ఇది: "నేను సెప్పినానని ఎవరితోనూ అనొద్దు తాతా. పిల్లలు గలవాణ్ణి."

"మీరేం సెప్పినారు సామీ? నాకేం యినపడల్యా" అని మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు మొదటి దెబ్బ గేరిలో వినబడింది. చాటింపు గేరిలో మొదలుకావడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "యినండహో! మంచినీళ్ల బాయి నీళ్లు చెడినాయి. కాంచకుండా ఎవురూ తాగగూడదు. బిడ్డలకు అసలే పొయ్యగూడదు. కుండల్లో ఉండేటివి పారబొయ్యండి. ఇది పంచాయతీ తాకీదు!" గేరి నుంచి సాలెవీధి, అక్కడి నుంచి బజారు, పెద్దవీధి. సాలెవీధిలో మగ్గాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగడం ఆఫీసులో ఉన్న నాకు తెలిసింది. ఇళ్ల ముందు కుండలు కుమ్మరిస్తున్నారు. మంత్రిగారి సంగతి చివర్లో ఎక్కడో చెప్పాడట. ఎవరికీ గుర్తులేదు.

గంట గడవకముందే ఆయనను ఆఫీసుకు పట్టుకొచ్చారు. మెంబర్లందరూ వచ్చారు. అంత నిండు కోరం మా బోర్డుకు ఎప్పుడూ దొరకలేదు. బిడ్డ చచ్చిపోయిన మాట ఒక్కడి నోటా రాలేదు. పంచాయతీ పేరు ఎలా వాడుకున్నాడని, దాని మీదే గోల. శెనక్కాయల మిల్లున్న మెంబరయితే ఇది రాజద్రోహం అవుతుందా కాదా అని నన్ను అడిగాడు.

"ఎవుడు సెప్పమన్యాడ్రా నీకు?" అన్నాడు ప్రెసిడెంటు. తాత కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

"ఎవురూ సెప్పల్యా దొరా. నాకే తోచింది."

"నీకు తోస్తే సాటడానికి ఊరేమన్నా నీ అబ్బదా? పో. మళ్లా తిరుగు. అది తప్పు, నీళ్లు మంచియే, తాగొచ్చునని సాటి రా. మంత్రిగారు వచ్చేలోపల అయిపోవాల."

"ఆ మాట నేను సెప్పలేను దొరా."

"సెప్పకపోతే ఉద్యోగం ఉండదు."

తాత పంచాయతీ బిళ్ల నడుం పట్టీ నుంచి ఊడదీశాడు. పైపంచె కొసతో దాన్ని తుడిచి బల్ల మీద పెట్టాడు. "తప్పెట నాది దొరా, ఎత్తుకపోతాను" అన్నాడు. నేను రెండు బారల దూరంలో కూర్చుని కలం పట్టుకుని ఉన్నాను. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నా మొహమే నన్ను పట్టిస్తుందని ఆయనకు తెలుసు. ఆయనను తీసేసిన తీర్మానం రాసింది నేనే. పంచాయతీ పేరిట అబద్ధపు వార్త ప్రచారం చేసినందుకు, అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చూసుకోవచ్చు.

నీళ్లు మంచివేనని చాటడానికి బంట్రోతును గంట ఇచ్చి పంపారు. "తాత సెప్పినాడా ఆ మాట?" అని ఆడవాళ్లు అడిగితే వాడు నీళ్లు నమిలి తిరిగి వచ్చాడు. కందికట్టె, పత్తికట్టె ఏది దొరికితే అది పెట్టి ఊరంతా నీళ్లు కాచింది. వాంతిభేది ఇంకొక్కరిని కూడా తీసుకుపోలేదు. మరునాడు మంత్రిగారు వచ్చారు. శంకుస్థాపన చేసి, మేము ఆదోని నుంచి పెట్టెతో తెప్పించిన సోడా తాగి, వెళ్లిపోయారు. రాజధాని హైదరాబాదుకు వెళ్లింది గానీ ట్యాంకు ఇప్పటికీ రాలేదు. ఆ రాయికి ఎద్దులను కట్టేస్తున్నారు. పంచాయతీ ఇచ్చిన తాకీదులన్నింటిలోకీ ఊరు నిజంగా పాటించింది ఒక్కటే. అది పంచాయతీ ఇవ్వలేదు.

తాత ఆ తర్వాత పత్తి ఏరడానికి పోయాడు, శెనక్కాయలు ఒలవడానికి పోయాడు. దారిలో కనబడితే, "బాగుండారా సామీ? పిల్లోల్లు బాగుండారా?" అనేవాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని నేను వెతికేవాణ్ణి. లేదు. అందుకని దారి మార్చుకుని నడవడం నేర్చుకున్నాను. బోర్డు వాళ్లు ఆయన బదులు మైకు కొన్నారు. అది బండి మీద ఊరేగుతూ "హలో హలో" అంటుంది. అంతకు మించి దానికి ఏమీ రాదు. మావాళ్లకు తగిన గొంతు.

సోమవారం సాయంత్రం గేరి చర్చి ఉపదేశి ప్రార్థన చెప్పాక గోతి దగ్గర ప్రెసిడెంటు మాట్లాడాడు. అవును, ఇప్పటికీ అతనే. "ఆనాడు వాంతిభేది వచ్చినప్పుడు మన పంచాయతీ ముందుచూపుతో ఇచ్చిన తాకీదును ఇంటింటికీ చేర్చిన నమ్మకమైన సేవకుడు" అన్నాడు. గొంతు కూడా జీరపోయింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "ఇదే సంతాప తీర్మానంలో రాయి" అన్నాడు. నేను సరేనన్నాను. ఇన్నేళ్లుగా అనేది అదే కదా.

మంగళవారం ఆ తీర్మానం రాయబోతే చెయ్యి ఆడలేదు. కలం మూసి గేరికి నడిచాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అక్కడికి పోవడం అదే మొదలు. తాత భార్య గుడిసె ముందు కూర్చుని ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. నిలబడే చెప్పాను. "అవ్వా, ఆ పొద్దు తాతకు కాగితం చదివి చెప్పింది నేను. ఆయన నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది, ఆయనది ఉండేది."

"తెల్సు సామీ. ఆ పొద్దు సందేళే సెప్పినాడు. గేరి అంతా తెల్సు. మీకు పిల్లోల్లు ఉండారని, ఎవురూ నోరు జారగూడదని ఆయప్ప అన్యాడు. ఊరుకున్యాం."

ఆ ఆడవాళ్లలో ఒకామె తల వంచుకుని ఉంది. ఆ పాప తల్లి ఎవరో నేనెప్పుడూ తెలుసుకోలేదు, కాబట్టి ఆమేనో కాదో చెప్పలేను. ఇంకా ఒక మాట మిగిలిపోయింది. అది నా నోట్లో నుంచి సగమే వచ్చింది. "ఆ కాగితం నా దగ్గర..."

"నాలుగు దినాలు" అంది అవ్వ. "అదీ సెప్పినాడు."

పరవాలేదని అనలేదు. తిట్టనూ లేదు. ఎండ మండిపోతోంది. నా నాలుక ఎండిపోయింది. కూర్చోమని నన్నెవరూ అనలేదు. నాలాంటివాడు అక్కడ కూర్చోడని వాళ్లకు తెలుసు. "కొంచెం నీళ్లియ్యవ్వా" అన్నాను.

అందరూ ఒకసారి తలెత్తి చూశారు. తల వంచుకున్నామె లేచి లోపలికి పోయి చెంబు తెచ్చింది. చేతికి ఇవ్వకుండా నా ముందు నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. నేను వంగి తీసుకుని తాగాను. కాచిన నీళ్లు, ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.