ఆడవాళ్ళ గేటు అక్క

కోరుట్ల నుంచి మా పాత ఇంటి పక్కామె ఫోన్ చేసింది. "గేటక్క కాలం జేసిందే. పొద్దుగాల్నే తీస్కపోయిన్రు" అంది. సిరిసిల్లలో కుట్టుమిషన్ ముందున్నాను. మిషన్ ఆపి గట్టిగా ఏడ్చాను. పక్కవాళ్ళు మా అమ్మ పోయిందనుకున్నారు. నేను కాదనలేదు.

కోరుట్లలో ఒక పాత టాకీసులో ఆడవాళ్ళ గేటు ఆమెది. టికెట్ చింపి, టార్చిలైటుతో సీటు చూపించేది. ఆ వెలుగు నేల మీదే పడేది, ఏ ఆడదాని ముఖం మీదా పడేది కాదు. "బయట అందరు మొకం జూసేటోళ్ళేనాయె. గీడనన్న పానం నిమ్మళంగ ఏడ్వనియ్యి" అనేది. బీడీలు చుట్టి చుట్టి నడుములు పడిపోయిన మేము అక్కడికి నవ్వడానికీ పోయేవాళ్ళం, ఏడవడానికీ పోయేవాళ్ళం.

అలాగని మెత్తటి మనిషి అనుకోకండి. కొత్త సినిమా పడినరోజు మగవాళ్ళు టికెట్ల కోసం చొక్కాలు చినిగేలా కొట్టుకునేవారు. సందట్లో సడేమియా అని ఒకడు ఆడవాళ్ళ వరుసలో చెయ్యి పెట్టాడు. ఆ చేతిని ఇనుప గేటుకేసి నొక్కి, వాడు కాళ్ళబేరానికి వచ్చేదాకా వదల్లేదు. గేటుకు వేలాడే పరదా చూపించి, "ఆట నడుస్తుంటే గీ పరద దాటి మొగోడు రావద్దు" అనేది. మేనేజరు కూడా బయట నిలబడే పిలిచేవాడు.

నా మొగుడికి ఆ సంగతి తెలియదు. ఒక మధ్యాహ్నం నన్ను కట్టెతో బాది, చాలదన్నట్టు కత్తి కోసం వంటింట్లోకి వెళ్ళాడు. చెప్పుల్లేకుండా ఉరికాను. పుట్టిల్లు ఎక్కడో సిరిసిల్లలో ఉంది, టాకీసైతే మా వీధి చివరే ఉంది. గేటక్క నా నెత్తిన కారుతున్న నెత్తురు చూసి టికెట్ అడగలేదు. "పో చెల్లె, ఆడోళ్ళ నడుమ కూసో" అంది.

వాడు కత్తితోనే వచ్చాడు. "నా పెండ్లాం లోపలున్నది. జరుగు!"

"నీ పెండ్లామెవ్వలు లేరు. లోపలున్నోళ్ళంత నా ఆడోళ్ళు."

కత్తి ఆమె అరచేతిని చీల్చింది. ఆమె టార్చి వాడి కళ్ళలోకి కొట్టింది, ఆ వెంటనే అదే టార్చితో దవడ మీద కొట్టింది. వాడు తూలి పరదా పట్టుకుని, దానితో సహా లోపలికి పడ్డాడు. అంతే, సీట్లు ధడధడమన్నాయి. చెప్పులు, టిఫిన్ డబ్బాలు, గాజుల చేతులు వాడి మీద పడ్డాయి. తెర మీద ఏ ఫైటింగ్ నడిచిందో మాకెవరికీ తెలియదు. నేనూ కొట్టాను. నాకు సంతోషమైంది, ఇప్పటికీ అవుతుంది. నా మెడ మీద తల ఉందంటే ఆమె చలవే.

కత్తి గుంజుకుని వాడిని బయటికి తోశారు. ఆట వదిలాక ఆడవాళ్ళంతా నన్ను నడుమ పెట్టుకుని బస్టాండుకు నడిచారు. మూతి పగిలినా వాడు వెంటే వచ్చాడు. "ఏ బస్సెక్కినా సంపుత" అని రోడ్డవతల నుంచి అరుస్తున్నాడు. గేటక్క నన్ను సిరిసిల్ల బస్సెక్కించింది.

"అక్కా, మరి నువ్వెట్ల?" అన్నాను కిటికీలోంచి.

"నాకేమైతది? పో."

బస్సు కదిలింది. చెయ్యి ఊపాను. ఆమె నా వైపు తిరగలేదు. చేతికి చుట్టిన కొంగు నుంచి నెత్తురు చుక్కలు పడుతుంటే, బస్సుకు వీపు పెట్టి, వాడినే చూస్తూ నిలబడింది.