రుచి చూస్తే తిన్నట్టా?

కేకుల మీద క్రీముతో పేర్లు రాయడంలో ఆ బేకరీ మాస్టరు చెయ్యి తిరిగినవాడు. అలాంటివాడికి కన్ను మసకబారింది. గులాబీ పువ్వు వేయబోతే క్యాబేజీ తయారవుతోంది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు గానీ, ముందు షుగరు దిగితేనే చేస్తానని కంటి డాక్టరు తెగేసి చెప్పాడు.

పాపం, ఆయన పంచదార జోలికే పోవడం మానేశాడు. టీలో కూడా పంచదార బదులు తీపి బిళ్లే. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ షుగరు పైకే ఎగబాకుతోంది. చాలదన్నట్టు కడుపుబ్బరం, గడగడ శబ్దాలు, పని మధ్యలో పరుగులు. ఇదంతా ఆ బిళ్ల చేస్తున్నదా, వయసు చేస్తున్నదా అంతు పట్టక మనిషి సగమైపోయాడు.

"చాటుగా ఏదో లాగించేస్తున్నారు," అంది భార్య.

"నీ మీద ఒట్టు, ఏమీ తినట్లేదే!"

ఆ మాట నిజమనే ఆయన నమ్మకం. అందుకే ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఆవిడ చెప్పాపెట్టకుండా బేకరీకొచ్చి ఓ మూల స్టూలేసుకుని కూర్చుంది. ఓవెన్‌లోంచి పంచదార లేని బిస్కెట్ల ట్రే బయటికొచ్చింది. మాస్టరు అంచున ఉన్న బిస్కెట్టు తీసి నోట్లో వేసుకున్నాడు, కళ్లు మూసుకుని నమిలి తలూపాడు. ట్రే ప్యాకింగుకు కదిలింది. ఇంకో ట్రే, ఇంకో బిస్కెట్టు. అలా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

"అదేంటి మరి?"

"ఏది?"

"ఆ నమిలేది!"

"ఇది తినడమా? రుచి చూడటమే! పైగా పంచదార లేనివాయె."

ఆవిడ ఒక ప్యాకెట్టుతో సహా ఆయన్ని షుగరు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"పంచదార లేదు సరే, మైదా ఉందిగా? లోపలికెళ్లాక అదీ షుగరే," అంది డాక్టరమ్మ. "ఇందులో కలిపే తీపి పొడి పూర్తిగా అరగదు. పేగుల్లో గ్యాసు పుట్టిస్తుంది."

"మరి టీలో బిళ్ల?"

"అది నేరుగా షుగరు పెంచదు. కానీ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతేంటో ఇంకా పూర్తిగా తేలలేదు."

చదివినవాళ్లకే తేలనిది తనకేం తేలుతుందని ఆయన మరింత అయోమయంలో పడ్డాడు.

మర్నాడు ట్రే రాగానే చెయ్యి దానంతటదే అంచుకు వెళ్లింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాడు. ఆ రోజూ కాపలాకొచ్చి కూర్చున్న భార్యే ఒకటి తీసి నమిలింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే? ఉప్పు సరిపోయిందా? వెన్న తెలుస్తోందా?"

"బాగుందన్నానుగా!"

ఆయనకు భయమేసింది. కళ్లు కావాలంటే నాలుకను పక్కన పెట్టాలి కాబోలు. బిస్కెట్టు రుచి ఎలా ఉందో తెలియకుండానే, జీవితంలో మొదటిసారి, ట్రేను ముందుకు తోశాడు.