ఇది ఎవ్వరికి చెప్పిండు?

బడిలో నన్ను రోజూ బెంచీ మీద నిలబెట్టేవారు. కూర్చునే విద్య అబ్బకముందే ఆరో తరగతిలో చదువు మానేశాను. అలాంటివాడికి బీదర్‌లో కుర్చీలు అద్దెకిచ్చే పని అప్పగించాడంటే, దేవుడికీ నాలాగే వేళాకోళం ఎక్కువన్నమాట. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న ప్లాస్టిక్ కుర్చీలను లాగితే కీచుమంటాయి. మొన్న చర్చి ఆవరణలో ఆ చప్పుడు వింటుంటే ఒళ్లు మండింది. ఆ కుర్చీలు ఎస్తేరమ్మ జ్ఞాపకార్థ కూటానికి.

ఎస్తేరమ్మ మా సండే స్కూలు టీచరు. ప్రభువు చెప్పిన ఏ ఉపమానం ఎత్తుకున్నా మొదట ఒకటే అడిగేది: "ఇది ఎవ్వరికి చెప్పిండు?" మేం కథలోని మనుషుల పేర్లు చెబితే నెత్తిన మొట్టేది. ఎదురుగా వింటున్నదెవరో చెప్పమనేది. తప్పిపోయిన గొర్రె కథ గొర్రె కోసం కాదట. పాపులతో కలిసి తింటున్నాడని సణిగిన పెద్దమనుషుల కోసమట. ఒకరి మందు ఇంకొకరి నోట్లో పోస్తే విషమవుతుందనేది.

ఒక ఏడాది కోత పండుగ వచ్చింది. మా చర్చిలో ఆ రోజు పెట్టే ప్రేమవిందుకు ఒక పద్ధతి ఉండేది. సంఘ పెద్దలకూ వాళ్ల చుట్టాలకూ కుర్చీలు. కూలి ఆడవాళ్లకు చెప్పులు విడిచే చోట చాప. హళ్ళిఖేడ్ చెరకు తోటల్లో మోకాళ్లు అరగదీసుకున్న మా అమ్మ కింద కూర్చోలేక చివరి కుర్చీలో కూర్చుంది. సంఘ పెద్ద దావీదయ్య వచ్చి, హుమ్నాబాద్ నుంచి చుట్టాలొచ్చారని ఆమెను లేపాడు. లేపి ఊరుకున్నా బాగుండేది. విందుకు పిలిస్తే చివరి చోటనే కూర్చోమని ప్రభువు చెప్పలేదా అంటూ ఉపమానం కూడా వడ్డించాడు. అమ్మ గోడ పట్టుకుని లేచింది.

ఎస్తేరమ్మ చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"దావీదయ్యా, గా మాట ప్రభువు ఎవ్వరికి చెప్పిండు? ముందట కూసునేతందుకు ఉరికేటోళ్లను చూసి చెప్పిండు. చాప మీద ఉన్నోళ్లను ఇంకా ఏడికి దించుతవు?"

కుర్చీల్లోంచి ఎవరూ లేవలేదు. ఆమె తన కుర్చీ తెచ్చి అమ్మను కూర్చోబెట్టి, తాను పక్కనే చాప మీద తింది. బతికినన్నాళ్లూ మళ్లీ ఏ విందులోనూ కుర్చీ ఎక్కలేదు. ప్రతి ఏడూ ఆ చెప్పుల పక్కనే కూర్చుని, పెద్దల కళ్లలోకి సూటిగా చూస్తూ తినేది.

మొన్న కూటంలో ఆ దావీదయ్యే మైకు పట్టుకున్నాడు. ఎస్తేరమ్మ ఎంత వినయవంతురాలో, ఎప్పుడూ నేల మీదే కూర్చునేదని చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. నవ్వించడం తప్ప ఏమీ రానివాణ్ని, మైకు లాక్కుని అరిచాను. అది వినయం కాదు, మీ మీద కోపం. మనిషితో పాటు ఆ కోపాన్ని కూడా పాతిపెడతారా అని అడిగాను. దావీదయ్య పోయి సోఫాలో కూర్చుని, మైకు సౌండు కొంచెం తగ్గించమన్నాడు.

ఎస్తేరమ్మ నాకు మిగిల్చింది ఆ ఒక్క ప్రశ్నే. పెళ్లిలోనైనా సభలోనైనా మైకులో మంచి మాట వినబడితే చాలు, ఇది ఎవరికి చెబుతున్నారా అని నా కుర్చీల వరుసల వైపు చూస్తాను.

కూటం రోజు మాత్రం మంట చల్లారక అమ్మ దగ్గరికి పోయి, ఎస్తేరమ్మ ఉంటే నన్ను మెచ్చుకునేది కదా అన్నాను. అమ్మ షామియానా గుంజ పట్టుకుని ఉంది.

"మంచిగనే చెప్పినవు బిడ్డా. నేను అప్పటిసంది నిలబడే ఉన్న. ముందుగాల ఒక కుర్చీ తే."