అత్తయ్య నిద్ర, నా స్తోత్రం

మా అత్తయ్య చనిపోయారన్న వార్తను నాకు మొట్టమొదట మోసుకొచ్చింది మా వీధికి చేపలు తెచ్చే కనకమ్మ. ఆ సమయానికి మా అత్తయ్య లోపల మంచం మీద కూర్చుని, టీలో రస్కు ముంచుకుని తింటున్నారు. ఒక కోడలి చేతుల మీదుగా ఇంతకంటే పెద్ద అనర్థం జరగగలదేమో మీరే చెప్పండి. అదీ స్తోత్రం చెప్పబోయి!

"ఒలమ్మో దీదీ! ముసలమ్మ పోనాదట గదా!" అంటూ కనకమ్మ తట్ట గుమ్మంలో దింపింది.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే సెప్పినావట! మీ సర్చి వోల్లందరి ఫోన్లలోనూ ఉందట. పొటో కూడా ఎట్టినావట!"

ఫోను కోసం లోపలికి పరిగెత్తాను.

అప్పటికి నాకు పెళ్ళై ఆరు నెలలు. సముద్రం మధ్య ఈ దీవుల్లో, నేను పెరిగిన హోప్ టౌన్‌లో మేం వెళ్ళే చర్చిలో ఆరాధన హిందీలోనే జరిగేది. తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లో బైబిలు ముందు పెట్టుకుని నేర్పింది. అందుకని నేను మాట్లాడితే సగం హిందీ, రాస్తే సగం గ్రంథం. మధ్యలో ఉండాల్సిన తెలుగు మాత్రం నా దగ్గర లేదు.

బతు బస్తీకి కాపురానికొచ్చి, స్కూలు యూనిఫాంలు కుడుతూ, రోజుకొక మేలుకు ఒక ఫొటో తీసి చర్చి స్త్రీల గ్రూపులో పెట్టడం అలవాటు చేసుకున్నాను. మా ఆయన ఫెర్రీ డ్యూటీ నుంచి క్షేమంగా వచ్చి గుమ్మంలో విడిచిన బూట్లు, మొదటిసారికే దారం ఎక్కిన సూది, కరెంటు పోకముందే నిండిన బిందెలు. మేలులకేం కొదవ, చూసే కన్నుండాలి గానీ!

ఆ వారమే అత్తయ్య ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. ఊపిరాడక పది రోజులు యాతన పడ్డారు. ఇంటికొచ్చాక కూడా కునుకు లేదు. సాయంత్రమైతే కిటికీలోంచి ప్రోతరాపూర్ బస్సు వంక చూడటమే. అక్కడ ఆవిడ అక్క, మా పెద్దత్తయ్య, ఉంటారు. అత్తయ్య చేసిన చేపల పులుసులో ఉప్పెక్కువైందని పెద్దత్తయ్య అన్న ఒక్క మాట మీద అక్కచెల్లెళ్ళిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు.

"పెద్దత్తయ్య కోసం చూస్తున్నారా అత్తయ్యా?" అంటే, "దాని కోసం నానెందుకు సూస్తాను? బస్సు టైముకొస్తందో నేదో సూస్తన్నాను, అంతే!" అనేవారు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి హాయిగా నిద్రపోయారు. మెడదాకా తెల్ల దుప్పటి, గుండెల మీద రెండు చేతులు, ముఖంలో ఎంతో ప్రశాంతత. నా కళ్ళు చెమర్చాయి. ఫొటో తీశాను. కింద ఏం రాయాలి? "పడుకున్నారు" అంటే ఉప్పులేని గంజిలా ఉంది. ఇక్కడి మా తెలుగు చర్చిలో వందనాలు ప్రభువునందు, సంతోషం ప్రభువునందు. మరి నిద్ర మాత్రం ఏం పాపం చేసింది?

"మా అత్తయ్య ప్రభువునందు నిద్రించారు. ఇన్నాళ్ళకు మా ఇంట్లో నెమ్మది. దేవునికి స్తోత్రం!"

తెలుగు క్రైస్తవులు ఆ మాటను చనిపోయినవారికి తప్ప వాడరని నాకేం తెలుసు? దేవుని దయవల్ల ఆ ఆరు నెలల్లో మా సంఘంలో ఎవరూ పోలేదు మరి!

అత్తయ్య నిద్ర లేస్తారేమోనని మోగకుండా పెట్టిన ఫోను చేతిలోకి తీసేసరికి, అవతల మా ఆయనే.

"గ్రేసీ! అమ్మ ఎలా పోయింది?"

"పోలేదండీ. రస్కు తింటున్నారు."

"రస్కా? క్యా బోల్ రహీ హో! ఇక్కడ కెప్టెన్ సార్ నన్ను పట్టుకుని ఏడుస్తున్నారు!"

ఇంతలో గుమ్మంలో ఆటో ఆగింది. జుట్టు విడిపోయి, ఒక కాలికి చెప్పు లేకుండా పెద్దత్తయ్య దిగారు.

"ఒలే మరియా! ఉప్పు సరిపోనాదే! సరిగ్గా సరిపోనాదే! ఈ పాపిష్ఠి నాలుకే అబద్ధమాడినాదే!"

ఆ కేకలకు అత్తయ్య టీ గ్లాసుతో బయటికొచ్చారు. "ఏటప్పా, ఇంత ఎండలో వచ్చినావు?"

పెద్దత్తయ్య ఆవిణ్ణీ, చేతిలోని గ్లాసునూ ఎగాదిగా చూశారు. "నువ్వు సచ్చిపోనేదా?"

"నువ్వు మా గుమ్మం తొక్కాలంటే నాను సావాలేటి?"

పెద్దత్తయ్య అక్కడే అరుగు మీద కూలబడి, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఏడ్చి, నవ్వి, ముక్కు తుడుచుకుని, "అయితే నా మాట ఎనక్కి తీసుకుంటన్నాను. ఆ పులుసు ఉప్పు కసాయమే!" అన్నారు. ఆఖరి బస్సు వెళ్ళిపోయేదాకా ఇద్దరూ పోట్లాడుకున్నారు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఎవరూ వదల్లేదు.

నేను లోపలికెళ్ళి మోకాళ్ళూని గంభీరంగా తీర్మానం చేసుకున్నాను: కళ్ళు మూసుకున్న మనిషిని ఇక ఫొటో తీయను. తీసినా "పడుకున్నారు" అనే రాస్తాను. అనుమానం లేకుండా "గురక కూడా పెడుతున్నారు" అని జతచేస్తాను.

చివరగా ఒక మనవి. వచ్చే వారం పెద్దత్తయ్యకు కంటి ఆపరేషను. మీ ప్రార్థనల్లో ఆవిడను జ్ఞాపకం చేసుకోండి. కంగారు పడకండి, ఆవిడ బతికే ఉన్నారు. పక్కన నిలబడి, "ఆ ముక్క పెద్ద అచ్చరాల్తో రాయవే" అంటున్నారు.