మోకాలెత్తు కిటికీ

శామీర్‌పేట దగ్గర మా ఊళ్ళో ఉన్న రాతి చర్చిని ఏ ఒక్క మేస్త్రీ కట్టలేదు. తాతల కాలంలో ఇంటికింత గోడ అని పంచుకుని, ఎవరి వంతు వాళ్ళు డంగు సున్నంతో కట్టుకున్నారు. అందుకే గోడ ఒకచోట లావు, ఒకచోట సన్నం. పైన పెంకులు తరవాత వచ్చాయి, ముందు వసారా ఇంకా తరవాత. క్రిస్మస్ ముందు ఎవరి వంతుకు వాళ్ళే సున్నం వేస్తారు. ఇంకొకరి వంతు మీద చెయ్యి వేయాలంటే ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి.

మిగతా కిటికీలన్నీ తలెత్తులో ఉంటే మా వంతులోది మాత్రం మోకాలెత్తులో ఉంటుంది. "మీ తాత కల్లు తాగి కట్టిండు" అని తోటి పిల్లలు ఆటపట్టించేవారు. ఏడ్చుకుంటూ పోయిన నాకు అవ్వ అసలు సంగతి చెప్పింది. గోడ అవతల దొర పొలం. ఆదివారమైనా కూలోళ్లకు సెలవు లేదు.

"వంగి కలుపు తీసేటోళ్ల చెవుల పాట పడాలెనని మీ తాత కిందికి పెట్టిండు. దొర మూయమన్నడు. మూయలే."

ఆ రోజు నుంచి వెక్కిరించినవాళ్ళతో కలబడ్డానే గాని ఏడవలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, కొంపల్లిలో లాగే ఆ పొలంలోనూ విల్లాలు మొదలయ్యాయి. కట్టిస్తున్నది దొర మనవడే. చర్చికి ఉచితంగా స్లాబు వేయిస్తాడట, ఆ కిటికీ మూసేస్తే చాలట. విల్లాలు కొనేవాళ్ళకు మా పాటలు గోలట. నాకు ఒళ్ళు మండిపోయింది. పెంకులు కారి పరేషాన్ అవుతున్న సంఘం మాత్రం సంబరపడింది.

సంఘ పెద్ద మా ఇంటికొచ్చాడు. "ఒక్క కిటికీ కోసం అందరిని వానల కూసోబెడ్తవా అవ్వా?"

"కూసుందాం బిడ్డా. తడిస్తే ఆరుతం. గా గోడ మాది, ముట్టనియ్య."

ఆయన నావైపు తిరిగాడు. "సదువుకున్నదానివి, నువ్వన్న జెప్పు."

"నేను గూడ ముట్టనియ్య," అన్నాను.

స్లాబు పోయింది. ఆ వానాకాలమంతా బకెట్ల మధ్య ప్రార్థన చేస్తూ అందరూ మమ్మల్నే తిట్టుకున్నారు. మా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. దొర మనవడు ఊరుకోలేదు, మా కిటికీ ముందు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ప్రహరీ లేపాడు. "ఇగ మూసుడేనా?" అన్నారెవరో వెనక నుంచి. అవ్వ కిటికీ తలుపులు బార్లా తెరిచి, ఆ ఇటుకలకు ఎదురుగా కూర్చుంది.

ఒక ఆదివారం పాట ఆగగానే ప్రహరీ అవతల నుంచి ఆడగొంతు వినిపించింది. విల్లాలకు ఇటుకలు మోసే పాలమూరు కూలి.

"జర ఇంకోటి పాడుండ్రి. మాకు సెలవియ్యలే."

అవ్వ సంఘ పెద్ద వైపు చూసి, "ఇనవడ్డదా?" అంది. ఆయనే తలవంచుకుని ఇంకో పాట ఎత్తుకున్నాడు.

ఆ డిసెంబరులో మా వంతుకు సున్నం వేస్తుంటే, తానూ ఒక చెయ్యి వేస్తానని ఆయన కుంచె పట్టుకుని వచ్చాడు. అవ్వ ఒప్పుకోలేదు.